ఎండల ఊరికి కోడలు వస్తోంది



ఈ సంచిక మీ చేతికి అందేసరికి మా సోలాపూరులో వేపపూత రాలిపోయి, మధ్యాహ్నం పన్నెండు దాటితే సాఖర్ పేట సందుల్లో కుక్క కూడా కనిపించని రోజులు మొదలై ఉంటాయి. ఈ పేజీలో ఎప్పుడూ పండుగల గురించో, పిల్లలకు తెలుగు నేర్పటం గురించో, మన మగ్గాల గురించో నాలుగు ముచ్చట్లు చెబుతుంటాను. ఈసారి మా ఇంటి సంగతే చెబుతున్నాను. మా ఇంటిదే అయినా, ఒక ఊరు విడిచి ఇంకో ఊరికి సామాను సర్దుకునే ప్రతి కుటుంబానికీ కొంత పనికొస్తుందని నా ఆశ.

మా అబ్బాయి పదకొండేళ్లుగా బెంగుళూరులో ఉంటున్నాడు. కోడలు పుట్టి పెరిగింది అక్కడే. వాళ్లదీ నేతపని కుటుంబమే, తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వెళ్లినవాళ్లు. మనవరాలికి రెండున్నరేళ్లు. పోయిన దసరాకు మావారు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు గాని, మా నాలుగు టవలు సాంచాల దగ్గర నిలబడి పని చేయించే ఓపిక ఆయనకు లేదు. సంక్రాంతికి సిద్ధేశ్వర గడ్డా యాత్ర జరుగుతుండగా అబ్బాయి ఫోన్ చేసి, "అమ్మా, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని మా ఆఫీసులో ఒప్పుకున్నారు. ఏప్రిల్ నెలాఖరుకు ఇక్కడి ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తాం" అన్నాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత కోడలు ఒక కాగితం రాసి, దాని ఫోటో ఫోనులో పంపింది. పైన "అత్తమ్మా, తప్పుగా అనుకోకండి" అని ఉంది. కింద తొమ్మిది ప్రశ్నలు. ఎండ ఎన్ని డిగ్రీల దాకా పోతుంది? మేం ఉండే గదికి పైకప్పు రేకులా, స్లాబా? నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి? కరెంటు ఎంతసేపు పోతుంది? కిల్లారి భూకంపం మన ఇంటికి తెలిసిందా? వరదలు వస్తాయా? పిడుగులు పడతాయా? పాపకు ఏమైనా అయితే ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరతాం? ఆఖరిది: మన ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా వడదెబ్బ తగిలిందా?

నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. నూటయాభై ఏళ్ల కింద మా పెద్దలు ఏ ప్రశ్నలూ అడక్కుండానే వచ్చి ఇక్కడ మగ్గం గుంటలు తవ్వుకున్నారు. లక్షలమంది బతుకుతున్న ఊరు. ఈమెకు అంత భయమెందుకు? రావటం ఇష్టం లేక వెతుకుతున్న సాకులా ఇవి? ఆ మాటే మావారితో అన్నాను. ఆయన నవ్వి, "ముప్ఫై ఏళ్లు పిల్లలకు పరీక్ష పేపర్లు ఇచ్చినవు. ఇవాళ కోడలు నీకు ఇచ్చింది. కూసోని రాయి" అన్నారు.

సరే, రాయటానికి కూర్చున్నాను. ఎనిమిదింటికి జవాబులు వచ్చాయి. తొమ్మిదో దాని దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చివర్న చెబుతాను. ముందు ఆ ఎనిమిది.

ఎండ సంగతి. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటటం మామూలే. 43, 44 చూసే రోజులూ ఉంటాయి. బెంగుళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది, మేం దాదాపు అందులో సగం ఎత్తున ఉన్నాం. వేసవిలో అక్కడ 39.2 డిగ్రీలు వచ్చిన రోజు, 2016 ఏప్రిల్ 24, రికార్డుగా పేపర్లలో పడింది. మాకు అది చల్లబడిన రోజు కింద లెక్క. అయితే ఇంకో మాట కూడా రాశాను. సోలాపూరుకు వచ్చిన మన వాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు వైపు నుంచి వచ్చారు. రామగుండం, కొత్తగూడెం ఎండలు మా ఎండలకు ఏమీ తీసిపోవు. "మనం నీడ నుంచి ఎండకు రాలేదు బిడ్డా, ఎండ నుంచి ఎండకే వచ్చినం. అక్కడ పని లేదు, ఇక్కడ మిల్లు ఉండె, అంతే" అనేది మా అవ్వ. 1877లో పెట్టిన పాత మిల్లునే ఇక్కడ జునీ మిల్ అంటారు. అప్పటికి దక్కనంతా పెద్ద కరువులో ఉంది. మన వాళ్లు ఈ ఊరికి చల్లదనం చూసి రాలేదు, కూడు చూసి వచ్చారు.

మా ఎండ పొడి ఎండ. దీనివల్ల ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. చెమట ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. విజయవాడ, చెన్నైలలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, అక్కడి 38 డిగ్రీలు మా 42 కంటే ఎక్కువ బాధపెట్టవచ్చు. ఇక్కడ చెమట వెంటనే ఆరిపోతుంది. అందుకే మాకు గడ్డి తడకల కూలరు బాగా పనిచేస్తుంది, సముద్రం ఒడ్డున అంత పనిచేయదు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తొందరగా చల్లబడి, తెల్లవారుజామున డాబా మీద దుప్పటి వెతుక్కోవాల్సి వస్తుంది. ఇదంతా మేలు. కీడు ఏమిటంటే, చెమట కనబడదు కాబట్టి ఒంట్లో నీరు పోతున్న సంగతి మనిషికి తెలియదు. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమే. రెండున్నరేళ్ల పిల్ల దాహమని చెప్పలేదు, డెబ్బై దాటిన మనిషికి దాహమే సరిగా తెలియదు. మా ఇంట్లో ఇక ఆ ఇద్దరూ ఉంటారు.

పైకప్పు సంగతి. మా పేటలో మూడు రకాల కప్పులు చూశాను. నా చిన్నప్పుడు మాది మట్టిమిద్దె. మందపాటి గోడలు, దూలాల మీద జానెడు మట్టి. లోపల గుంటమగ్గం. బయట ఎంత మండినా మగ్గం గుంటలో కాళ్లు పెడితే చల్లగా ఉండేది. అది నేతగాడి సుఖం కోసం మాత్రమే కాదు. గాలి మరీ పొడిగా ఉంటే పోగు పెళుసెక్కి తెగుతుంది. నేల తేమ పడుగును కాపాడుతుంది. వేసవిలో మా అమ్మ పూటకు రెండుసార్లు నేల మీద నీళ్లు చల్లేది. తర్వాత సాంచాలు వచ్చాయి, సాంచాలతో రేకుల షెడ్లు వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి రేకు కింద నిలబడితే నెత్తి మీద పెనం పెట్టినట్టుంటుంది. గాలి కోసం తలుపులన్నీ తీద్దామంటే పోగు ఆరుతుంది, దూది నలుసు లేస్తుంది. బీడీలు చుట్టే మన ఆడవాళ్లదీ అదే కష్టం. ఫ్యాను వేస్తే చేటలోని తంబాకు ఎగిరిపోతుంది. తునికాకు ఆరితే పగులుతుంది. ఇంట్లో ఫ్యాను ఉండి కూడా ఆపుకొని కూర్చునే వేలమంది ఆడవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. మూడోది స్లాబు. కుంభారి దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్లు కట్టారు. అసంఘటిత కార్మికుల కోసం రే నగర్‌లో మొదటి విడతగా 15 వేల ఇళ్లు 2024 జనవరిలో చేతికిచ్చారు. సొంత ఇల్లు కన్న కల నిజమైనందుకు సంతోషమే. కాని స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రంతా మన మీదికి వదులుతుంది. అది కూడా తెలుసుకొని ఉండాలి.

కోడలు వాళ్ల గదికి స్లాబే. అయినా ఆమె అడిగిన తర్వాత నేను ఒక పని చేయించాను. డాబా మీద తెల్లసున్నం రెండు పూతలు పూయించాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ఒకటి తెచ్చింది. దాని కిటుకు కూడా ఇదే. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, ఇంటి లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. సున్నం ఖర్చు ఒక ఎయిర్ కండిషనర్ ఖర్చులో ఏ మూలకూ రాదు. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక కట్టించాను. సాంచాల షెడ్డు రేకుల మీద కూడా సున్నం కొట్టించాను. ఈ పని ముప్ఫై ఏళ్ల కిందే చేయాల్సింది. మా షెడ్డులో చెమటోడ్చినవాళ్లు నాకు అప్పుడు గుర్తుకు రాలేదు, మనవరాలు వస్తుందంటేనే గుర్తుకు వచ్చారు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నీళ్ల సంగతి. సహ్యాద్రి కొండలు మబ్బుల్ని అక్కడే పిండేస్తాయి. మహాబళేశ్వరంలో ఏటా ఐదారు వేల మిల్లీమీటర్ల వాన పడితే, వెనక పక్కన ఉన్న మాకు ఆరేడు వందలు దక్కితే గొప్ప. 1980లో పూర్తయిన ఉజనీ ఆనకట్ట నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నీళ్లు వస్తాయి. అవి నాలుగైదు రోజులకొకసారి వచ్చిన ఏళ్లు మాకు చాలా ఉన్నాయి. నీళ్లొచ్చే రోజు మా పేటలో చిన్న పండుగ. రంజన్లు, డ్రమ్ములు, బిందెలు, ఆఖరికి పిల్లల స్నానం తొట్టి కూడా నింపుతాం. ఇక్కడ ఒక జాగ్రత్త. అలా నిలవచేసిన మంచినీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. అందుకే వారానికొకసారి ఒక్కో పాత్రను పూర్తిగా వంచి, రుద్ది, ఆరబెట్టి మళ్లీ నింపాలి. మూత లేని డ్రమ్ము ఇంట్లో ఉండకూడదు. కూలరు తొట్టికి కూడా ఇదే లెక్క. "నీళ్లు లేవని భయపడకు, ఉన్న నీళ్లకు మూత లేకపోతే భయపడు" అని కోడలికి రాశాను.

భూకంపం సంగతి. తెలిసిందా అని అడిగింది. ఎట్లా మరిచిపోతాను? 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు కావటానికి నాలుగు నిమిషాలు తక్కువ. గణపతి నిమజ్జనం ముగించుకొని ఊరంతా అలసి పడుకుంది. కరెంటు పోయి ఆగిన సాంచాలు ఒక్కసారిగా మొదలయ్యాయనుకున్నాను నిద్రమత్తులో. మా పేటలో నేల అదరటం కొత్త కాదు కదా. మరుక్షణం అటక మీద ఇత్తడి గిన్నెలు వరసగా కింద పడ్డాయి. పిల్లల్ని చంకనేసుకొని వీధిలోకి పరిగెత్తాం. తెల్లవారేదాకా పేట పేటంతా రోడ్డు మీదే కూర్చుంది. పొద్దున రేడియోలో కిల్లారి పేరు విన్నాం. మాకు నేరుగా లెక్కేస్తే ఎనభై కిలోమీటర్లు. లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో వేలాదిమంది మనుషులు పోయారు. దక్కను రాతినేల గట్టిదని, ఇక్కడ భూకంపాలు రావని అంతకు ముందు అనుకునేవారు. ఆ తర్వాతే 2002లో సవరించిన భూకంప పటంలో ఆ ప్రాంతాన్ని మూడో మండలంలో చేర్చారు.

అక్కడ అంతమందిని చంపింది ఏమిటో తెలుసా? ఇళ్లే. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, వాటి మీద టన్నుల కొద్దీ మట్టికప్పు. ఎండకు అంతకంటే మంచి ఇల్లు లేదు. నేను ఇందాక పొగిడిన మా మట్టిమిద్దె అటువంటిదే. తేలికైన రేకు భూకంపంలో మనిషిని మట్టి చేయదు, కాని ఎండకు ఉడికిస్తుంది. ఇది రాస్తున్నప్పుడు నాకే ఒక సంగతి అర్థమైంది. ఒక ఆపదకు చేసిన కాపుదల ఇంకో ఆపదకు తలుపు తీస్తుంది. ఎండకు నీళ్లు దాస్తే దోమ వస్తుంది. చల్లదనానికి మట్టి మోపితే భూకంపానికి భయం. అందుకని ఒక్క భయాన్నే పట్టుకొని ఇల్లు కట్టకూడదు. మా ఇల్లు 1996లో స్తంభాలు, దూలాలు ఒకదానికొకటి ఇనుముతో కట్టి లేపినది. అటకల మీద ఇప్పుడు బరువులు లేవు. బీరువాను గోడకు బిగించాం. పాప మంచం కిటికీ కింద కాకుండా లోపలి గోడ పక్కన వేయించాను.

వరద సంగతి. మా పేటకు నది దూరం. కాని నాలాల పక్కన, పల్లంలో ఉన్న ఇళ్లకు భయం ఉంది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం హైదరాబాదును ముంచి, మర్నాటికి మా మీదికి వచ్చింది. మన వాళ్లు నడిచి వచ్చిన దారే పట్టుకొని వచ్చిందని మా పేటలో వేళాకోళం చేసుకున్నాం గాని, జిల్లాలో జరిగిన నష్టం చిన్నది కాదు. 2025 సెప్టెంబరులో సీనా నది పొంగి మాఢా, మోహోళ్ తాలూకాల ఊళ్లను ముంచింది. కరువు జిల్లా అని పేరున్న చోట పడవలు తిరిగాయి. కరువుకూ వరదకూ ఒకే ఊరు చాలు!

పిడుగులు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే అకాలపు వానతో పడతాయి. ముందు దుమ్ముగాలి లేస్తుంది, రేకులు లేస్తాయి, తర్వాత ఉరుము. ఆ సమయంలో డాబా మీద బట్టలు తీయటానికి పరిగెత్తకూడదు, చెట్టు కింద నిలబడకూడదు. పుణెలోని వాతావరణ శాస్త్ర సంస్థవారు తయారుచేసిన 'దామిని' అనే ఫోను సాధనం దగ్గరలో పిడుగు పడే సూచన ఉంటే చెబుతుంది. కోడలు దాన్ని అప్పుడే పెట్టుకుందట. నాకూ పెట్టించింది. ఇక కరెంటు పోవటం ఏయేడు ఎంతో చెప్పలేను. ఫ్యాన్లకు సరిపడే ఇన్వర్టరు పెట్టించాం. ఆస్పత్రి ఆటోలో పదిహేను నిమిషాలు. 108 అంబులెన్సు నంబరు గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాను.

ఇక తొమ్మిదో ప్రశ్న. మన ఇంట్లో ఎవరికైనా వడదెబ్బ తగిలిందా?

1972 కరువు మా పేట మీద కూడా పడింది. తిండికే లేనప్పుడు చీర కొనేదెవరు? మా గుంటమగ్గం ఆగిపోయింది. మా నాయిన ఒక రేకుల షెడ్డులో సాంచాల మీద చద్దర్లు నేసే పనికి కుదిరాడు. 1973 మే నెల. నేను తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు మనుషులు ఆయన్ని రెక్కలు పట్టుకొని తీసుకొచ్చారు. ఒళ్లు నిప్పులా కాలుతోంది. చుక్క చెమట లేదు. మా అమ్మను చూసి ఎవరిదో పేరు పెట్టి పిలిచాడు. అందరూ జ్వరమన్నారు. జ్వరం దిగాలంటే చెమట పట్టాలని చద్దరు కప్పారు. చెమట పట్టలేదు. "ఇంకోటి తే బిడ్డా" అంది మా అమ్మ. పెట్టెలో నుంచి ఇంకో చద్దరు తెచ్చి కప్పింది నేను. ఆయన నేసినదే అది. దీపాలు పెట్టే వేళకు పోయాడు.

జ్వరంతో పోయాడనే అందరం అనుకున్నాం. ఇరవై ఏళ్లకు పైగా నేనూ అలాగే చెప్పాను. 1998లో టీచర్లకు ప్రథమ చికిత్స తరగతి పెట్టారు. డాక్టరుగారు నల్లబల్ల మీద వడదెబ్బ గుర్తులు ఒక్కొక్కటే రాస్తున్నారు. ఒళ్లు కాలిపోవటం. మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవటం. చాలామందికి చెమట ఆగిపోవటం. "ఇది జ్వరం కాదు, కప్పకండి, చల్లార్చండి" అన్నారు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను. ఆ సంగతి మా అమ్మకు చెప్పలేదు. ఆమె ఇంకో పన్నెండేళ్లు బతికింది. ఏం చెప్పను? మావారికి కూడా చెప్పలేదు. మొట్టమొదట చెప్పింది కోడలికే, ఆ కాగితం మీద.

మావారు చెప్పినట్టు పరీక్ష పేపరే అది. కాని ఆ పిల్ల అడిగినట్టు 1973లో మా ఇంట్లో ఎవరైనా అడిగి ఉంటే? పరదేశంలో ఎన్ని ప్రశ్నలు వేస్తే అంత మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది. అడగకుండా వచ్చిన మా పెద్దలది ధైర్యమని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాను. వాళ్లకు అడగటానికి దిక్కు లేదు, అంతే.

అందుకని నా పాఠకులు ఈ నాలుగు మాటలు గోడ మీద రాసిపెట్టుకోవాలి. ఎండలో తిరిగినవారికి గాని, ఉక్కపోత గదిలో ఉన్నవారికి గాని ఒళ్లు కాలుతూ మాట తడబడితే అది వడదెబ్బ అనుకోండి. కష్టపు పని చేసేవారికి చెమట పోస్తుండగా కూడా రావచ్చు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి, అది వచ్చేదాకా ఊరుకోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో మంచు గాని తడిగుడ్డలు గాని పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. ఉల్లిపాయ అరికాళ్లకు రుద్దుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. ఒట్టి నీరసమే అయితే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఇవ్వండి. లీటరు మంచినీళ్లకు ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే చిన్న టీ చెంచా. బీపీకి నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లు వేసవి రాకముందే డాక్టరును ఒకసారి అడగండి.

2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎండ మన పాత చుట్టమని, మనకేం కాదని అనుకోవద్దు.

ఇక ప్రయాణం సంగతి. అబ్బాయికి నేనే ఫోన్ చేసి, "ఏప్రిల్‌లో రావద్దు నాయనా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. రమ్మని ఏడ్చిన తల్లే వద్దంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. కారణం చెప్పాను. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట పట్టే తీరే మారాలి. బెంగుళూరు చల్లదనంలో నుంచి నేరుగా మే నెల మంటలోకి చిన్నపిల్లను దింపితే, ఆ రెండు వారాలే గండం. శ్రావణంలో వస్తే వానలుంటాయి, తర్వాత చలి, ఆ తర్వాత శివరాత్రి నుంచి ఎండ రోజుకు కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. పిల్ల ఒళ్లు దానితో పాటే నేర్చుకుంటుంది. అంతదాకా సాంచాలు? రెండు ఆపేశాం. రెండు నడుస్తున్నాయి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అవీ ఆగుతాయి. ఆదాయం తగ్గింది. ఫరవాలేదు.

సాయంత్రం కోడలు ఫోన్ చేసింది. ఎప్పుడూ గలగల మాట్లాడే పిల్ల చాలాసేపు మెల్లగా మాట్లాడింది. "అత్తమ్మా, తాతయ్యగారి చద్దరు ఇంకా ఉందా?" అని అడిగింది. ఉంది. పెట్టె అడుగున, కలరా ఉండల మధ్య. యాభై ఏళ్లుగా ఎవరం కప్పుకోలేదు. "పాప వచ్చాక చలికాలంలో కప్పుదాం" అంది.

శ్రావణ పౌర్ణమికి మా మార్కండేయుడి రథం కదులుతుంది. అంతకు రెండు రోజుల ముందు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో ముగ్గురూ దిగుతారు. ఆ చద్దరు నిన్న బయటికి తీసి డాబా మీద, కొత్త సున్నం మీద ఎండకు పరిచాను. రంగు ఏమీ పోలేదు.

మీ ఊరి ఎండల గురించి, మీరు పడిన జాగ్రత్తల గురించి తప్పక రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం. అందాకా నీళ్లు తాగుతూ ఉండండి, తాగించటం మరవకండి.